పానకాలు ఇల్లు అమ్మిన వైనం

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో "అబ్బే, అలా ఎక్కడైనా జరుగుద్దా" అన్నారంటే మాత్రం కథ మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంటాను, అన్నాల వేళ దాటిపోయినా నాకు సంబంధం లేదు. నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉంటే ఈ మీసం తీసి మీ చేతిలో పెడతా. ఆవగింజకంటే పెద్దది దొరికితే, అది అబద్ధం కాదు, పోపు.

గుంటూరులో మిరపకాయల గోదాముల వెనక సందులో పానకాలని ఒకడుండేవాడు. వాణ్ణి నాకంటే బాగా ఎరిగినవాడు భూప్రపంచంలో లేడు. గడ్డం గీసుకునేటప్పుడల్లా ఎదురుపడుతుంటాడు. తన తెలివంటే వాడికి మహా గురి. వానొస్తే నెత్తి తడవకుండా గొడుగు వేసుకునేవాడు, గొడుగు తడవకుండా అరుగు దిగేవాడు కాదు. ఆ తెలివికి దిష్టి తగులుతుందని భార్య మాణిక్యాంబ రోజూ ఉప్పు తిప్పి పోసేది.

తమ్ముడు కోటిలింగం, "అన్నయ్య బుర్రలో సగం నాకుంటే కలెక్టరయ్యేవాణ్ణి" అని వాపోయేవాడు.

"సగం నీకిచ్చేస్తే నేను నీలా అయిపోతాను కదరా" అనేవాడు పానకాలు.

అంత తెలివైన ఇంటికీ ఒక కష్టం వచ్చింది. మాణిక్యాంబకి మిరప ఘాటు పడదు. గోదాముల్లో బస్తా దులిపితే చాలు, తుమ్ములు. అలాంటిలాంటి తుమ్ములు కావు. ఒక్క తుమ్ముకి మూడో వీధిలో పిండిమర ఆగిపోయింది. ఇంకో తుమ్ముకి నడిమింటి గోడ నేలనుంచి మనిషెత్తు దాకా బీటవారింది. నవ్వకండి, ఇదే అసలు సంగతి: డాక్టరుగారు ఛాతీ పరీక్ష చేసి, "అమ్మా, ఈ ఘాటులో ఇంకో ఎండాకాలం ఉన్నావంటే ఊపిరి నా చేతిలో ఉండదు. ఊరు మారండి" అన్నాడు.

పానకాలుకి తెలివి మీద ఎంత గురో, మాణిక్యాంబ మీద అంతకంటే ఎక్కువ ప్రేమ. ఆ వారమే బాపట్ల వెళ్ళి సముద్రపు గాలి తగిలే ఇల్లొకటి చూసొచ్చాడు. ఆ ఇంటాయన, "శుక్రవారం దాకా ఆగుతాను. తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తా" అన్నాడు. ఆ లోపల ఇక్కడి ఇల్లు అమ్ముడుపోవాలి. ఆ రోజు సోమవారం.

ఇళ్ళ బ్రోకరు మస్తానయ్య వచ్చి నాలుగు గోడలూ చూసి నిట్టూర్చాడు. "ఇట్లా ఉంటే ఎవరూ కొనరు పానకాలుగారూ. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు ఇంటిని ముస్తాబు చెయ్యాలి."

"చీర ఎన్ని గజాలు పడుద్దంటారు?" అన్నాడు కోటిలింగం.

మస్తానయ్య ఆ మాట విననట్టే ముందుకు పోయాడు. "ముందు ఈ సామానంతా తీసెయ్యండి. ఇల్లు విశాలంగా కనపడాలి."

అంతే. మధ్యాహ్నానికల్లా మంచాలు, బీరువా, గంగాళాలు, రుబ్బురోలు సందులోకి వచ్చేశాయి. పానకాలు నడుం మీద చేతులేసుకుని చూశాడు. ఇంకా చాలదనిపించింది.

"ఒరే కోటీ, ఈ తలుపు చూడు. మూసినా చోటు తింటోంది, తెరిచినా చోటు తింటోంది."

"దొంగ తలుపు అన్నయ్యా."

ఇంకేముంది! ఆరు తలుపులూ, తొమ్మిది కిటికీ రెక్కలూ ఊడబెరికారు. ఇల్లు నిజంగానే విశాలమైంది. ఎంత విశాలమంటే గోదాముల్లోని ఘాటంతా సంసారంతో సహా వచ్చి దిగింది. మాణిక్యాంబ తుమ్మిన తుమ్ముకి సందులో పెట్టిన బీరువా తనంతట తానే నాలుగడుగులు నడిచింది. పాపం, ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇల్లు మాత్రం బ్రహ్మాండంగా ఉందండీ" అంది.

మర్నాడు మస్తానయ్య వచ్చేసరికి కాపురమంతా సందులో ఉంది. ఎవరో సామాను బయట పారేశారనుకుని ఆయన గుండె పట్టుకున్నాడు. సంగతి తెలిశాక నెత్తి పట్టుకున్నాడు.

"తలుపులు బిగించండి మహానుభావా! గురువారం చెంచురామయ్యగారని మిరపకాయల వ్యాపారి వస్తున్నారు, భార్యతో. గోదాముకి దగ్గరగా ఇల్లు కావాలట. ఆయన ముక్కుకి ఘాటు తెలియడం మానేసి ముప్పై ఏళ్ళయింది. ఈ బేరం పోతే ఇంకోటి దొరకదు." గోడమీద వరసగా వేలాడుతున్న పానకాలు తాతముత్తాతల ఫోటోలు చూపించాడు. "ముందు వీళ్ళందర్నీ దించండి. లోపలికి అడుగుపెట్టగానే చెంచురామయ్యగారికి ఇది తన ఇల్లే అనిపించాలి. ఆ గోడ బీట మాత్రం ఆయన కంట పడకూడదు. గుర్తుందా?"

"నాకు చెప్పాలా!" అన్నాడు పానకాలు.

మస్తానయ్య వెళ్ళాక అన్నదమ్ములిద్దరూ తలుపులు మళ్ళీ బిగించి, ఆలోచనలో పడ్డారు.

"ఒకడికి ఇది తన ఇల్లే అని ఎట్లా తెలుస్తుందిరా?"

"తన ఫోటో గోడమీదుంటే తెలుస్తుంది."

"నా తమ్ముడివనిపించావురా!"

అంతే. కోటిలింగం ఫోటో స్టూడియోలన్నీ గాలించి, చెంచురామయ్య దంపతులు షష్టిపూర్తికి తీయించుకున్న ఫోటో సంపాదించి, నిలువెత్తున కట్టించుకొచ్చాడు. పెద్దతాత మేకుకి దాన్ని తగిలించారు. పెద్దతాతకున్న గంధపు దండ ఊరికే పడుందని మాణిక్యాంబ దాన్నీ వేసింది. వేసిన చేత్తోనే బొట్టు పెట్టి, కింద ఎర్ర దీపం బల్బు కూడా వెలిగించింది. "గోడకి లోటు చెయ్యకూడదండీ" అంది.

గురువారం పొద్దున భార్యతో, మస్తానయ్యతో కలిసి వచ్చి చెంచురామయ్య గడప దాటాడు. ఎదురుగా తన ఫోటో. ఫోటోకి దండ. దండ కింద దీపం. ఫోటోలో పక్కనే తన భార్య తాయారమ్మ, ఆవిడకీ అదే దండ. పెద్దమనిషి తన ముంజేయి తానే గిల్లుకుని చూసుకున్నాడు.

"ఏందయ్యా ఇదీ!"

"మీ ఇల్లే అనిపిస్తోందాండీ?" అన్నాడు పానకాలు ఆశగా.

మస్తానయ్య వచ్చిన దారినే సగం సందు వెనక్కి పోయాడు. బేరం పోయిందనుకున్నాడు, బాపట్ల పోయిందనుకున్నాడు. కానీ తాయారమ్మ ఫోటోని కాసేపు చూసి, కళ్ళొత్తుకుని, మొగుడి భుజం తట్టింది.

"ఏమండోయ్, ఈ యేడు మీకు గండం ఉందన్నాడుగా జ్యోతిష్యుడు! బతికున్నవాళ్ళు పోయారని కబురు పుడితే ఆయుష్షు పెరుగుద్దంటారు. ఇక్కడ కబురేం ఖర్మ, దండే వేసేశారు. గండం గడిచిపోయింది. ఈ ఇల్లు మనకి అచ్చొచ్చింది!"

ఆ మాటతో చెంచురామయ్య మొహం వికసించింది. ఇల్లంతా కలయదిరిగాడు. ఆయన తిరుగుతున్నంతసేపూ పానకాలు నడిమింటి గోడకి బల్లిలా అతుక్కుని, రెండు చేతులూ చాపి, కదలకుండా నిలబడ్డాడు. వీపు వెనక బీట.

"కూర్చోవయ్యా" అన్నాడు చెంచురామయ్య.

"పర్లేదండీ, నాకిక్కడే అలవాటు."

"నడుం నొప్పా?"

"లేదండీ, మీకు కనపడకూడదని."

"ఏది?"

"అది చెబితే కనపడినట్టేగా అండీ!"

లోపల వంటింట్లో మాణిక్యాంబ తుమ్మింది. పైనుంచి రెండు పెంకులు జారిపడ్డాయి. ఆ సందట్లో చెంచురామయ్య ఇంక అడగలేదు. వెళ్ళేముందు మాత్రం వేలెత్తి ఖండితంగా చెప్పాడు: "ఇల్లు నాకు నచ్చింది. రేపే రాయించుకుందాం. ఒక్కటే షరతు, చూసింది చూసినట్టు అప్పగించాలి. మా నాన్న ఇల్లు కొన్నప్పుడు చూసిన ద్వారబంధాలు తాళాలిచ్చేనాటికి లేవు. ఇక్కడ కంటికి కనపడ్డది ఏదీ కదలడానికి వీల్లేదు."

"ప్రాణం పోయినా కదలదండీ" అని ఒట్టేశాడు పానకాలు, గోడ దగ్గర్నుంచే.

శుక్రవారం కాగితాలైపోయాయి. ఇక్కడి ఇల్లు అమ్ముడుపోయింది, బాపట్ల ఇల్లు ఖాయమైంది. శనివారం సందులో ఉన్న సామానంతా లారీలోకెక్కించారు. మాణిక్యాంబ ముందు సీట్లో కూర్చుని కేకేసింది. "ఏమండీ, రండి!"

"ఎట్లా వస్తానే? ఆయన చూసినప్పుడు నేనిక్కడున్నాను" అన్నాడు పానకాలు నడిమింట్లోంచి. సంతకాలు పెట్టొచ్చి మళ్ళీ గోడకి అతుక్కున్నాడు.

మాణిక్యాంబ గతుక్కుమంది. "మరి నేనూ ఉన్నానుగా! నేనూ దిగిపోనా?"

"నీ తుమ్ము విన్నాడేగానీ నిన్ను చూడలేదు. హాయిగా వెళ్ళు."

"నేనో అన్నయ్యా?"

"నువ్వు సోడాలకి వెళ్ళి, ఆయన పోయాక వచ్చావు. పో. వదిన్ని జాగ్రత్తగా చూసుకో."

మాణిక్యాంబ లారీ దిగి వచ్చి, మొగుడి నోట్లో నాలుగు ముద్దలు పెట్టి, "మాటంటే మీదేనండీ" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం సున్నాలేసే తిరుపాలు వచ్చాడు. చెంచురామయ్య వాడితో, "నడిమింటి గోడ మూలమూలకీ పట్టించు, ఏదీ వదలొద్దు" అని చెప్పి పంపాడు. తిరుపాలుది కూడా మాట జవదాటే వంశం కాదు. "ఇదేందయ్యా?" అని అడిగాడు.

"గోడకి సంబంధించిందే" అన్నాడు పానకాలు.

ఇంకేముంది! నెత్తినుంచి గోళ్ళ దాకా రెండు పూతలు.

ఆదివారం గృహప్రవేశం. పాలు పొంగాయి, అక్షింతలు పడ్డాయి. తాయారమ్మ కొత్త కేలెండరు పట్టుకుని మేకు కోసం వెతికింది. నడిమింటి గోడకి మధ్యలో ఏదో మొనలా పొడుచుకొచ్చి ఉంటే దానికి తగిలించింది. ఆ మొన కాస్తా తుమ్మింది.

ఆవిడ కేక పెట్టింది. చెంచురామయ్య పరుగెత్తుకొచ్చి, తెల్లటి గోడలో రెండు నల్లటి కళ్ళు చూసి, "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు.

"చూసింది చూసినట్టేనండీ. లెక్క సరిపోయిందా?" అన్నాడు పానకాలు.

"చాల్లే, బయటికి నడు!"

పానకాలు ఒక్క అడుగు పక్కకి జరిగాడు. బీటలోంచి వెలుతురొచ్చింది. అవతలి వాళ్ళ పిల్లి ఇవతలికి తొంగిచూసింది. చెంచురామయ్య ఆ బీటని పైకీ కిందకీ చూశాడు, పిల్లిని చూశాడు, నిండుగా కూర్చున్న చుట్టాలని చూశాడు. చటుక్కున పానకాలు భుజాలు పట్టి వెనక్కి నెట్టాడు.

"జరగమాకయ్యా బాబూ, అక్కడే ఉండు."

అప్పుడే బాపట్లనుంచి ఫోనొచ్చింది. తాయారమ్మ ఫోను గోడ చెవిలో పెట్టింది.

"ఏమండీ, ఇక్కడికొచ్చాక ఒక్క తుమ్ము లేదండీ! ఊపిరి హాయిగా ఆడుతోంది. మీరెప్పుడొస్తారు?"

"ఇంకెంతోసేపు పట్టదే" అన్నాడు పానకాలు ధీమాగా. "చెంచురామయ్యగారు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇల్లు అమ్మకపోరు. కొనేవాళ్ళు చూడ్డానికొచ్చినప్పుడు, వాళ్ళకి కనపడకుండా కాస్త పెరట్లో కూర్చున్నానంటే చాలు, ఇంక నన్నెవరూ ఆపలేరు!"

ఏం, నమ్మబుద్ధి కావడం లేదా? ఆ గోదాముల వెనక సందులోకే వెళ్ళి, సున్నాలేసే తిరుపాలెవరని అడగండి. ముక్కుకి ఎన్ని పూతలు పట్టిందో వాడే చెబుతాడు.