బూటు చెరిపిన గుర్తు

సికింద్రాబాదులోని ఒక మున్సిపల్ మైదానంలో రోజూ పొద్దున్నే టెన్నిస్ ఆడే పద్మాకర్ అనే బీమా ఆఫీసు గుమాస్తాకు ఒక జబ్బు ఉండేది. తన వైపు గీత మీద పడిన బంతి కూడా అతనికి గీత అవతలే పడినట్టు కనిపించేది.

అది మట్టి కోర్టు. అంపైరు ఉండడు. ఎవరి వైపు బంతి పడితే వాళ్లే లోపలో బయటో చెప్పాలి. అనుమానమొస్తే మట్టిలో బంతి పడిన గుర్తు చూసుకోవచ్చు. పద్మాకర్ ఆ అవకాశం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "అవుట్" అనడం, బూటుతో ఆ గుర్తును చెరిపేయడం రెండూ ఒకేసారి జరిగిపోయేవి. పొద్దున్నే తగవెందుకులే అని తోటివాళ్లు ఊరుకునేవాళ్లు. అదంతా తన ఆట గొప్పతనమే అనుకునేవాడు అతను.

ఆ వేసవిలో సువార్త అనే రిటైరైన డ్రిల్లు టీచరు అక్కడికి రావడం మొదలుపెట్టింది. ఆవిడ పద్ధతి పద్మాకర్‌కు వింతగా తోచింది. గీత దగ్గర బంతి పడితే చాలు, ఆట ఆపి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని వంగి, జారిపోయిన సూదిని వెతుకుతున్నట్టు ఆ గుర్తును చూసేది. చూసి, చాలాసార్లు "లోపలే" అని పాయింటు ఎదుటివాళ్లకే ఇచ్చేసేది. అంతసేపు వంగి చూసి మరీ ఓడిపోవడం ఎందుకో అతనికి అంతు పట్టలేదు. ఒకరోజు ఆవిడ వెళ్లాక తనూ ఆ గుర్తు దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. గుండ్రటి మచ్చ తప్ప మరేం కనిపించలేదు. ఇందులో ఏముందబ్బా అనుకుని, అలవాటుగా దాన్ని కూడా బూటుతో చెరిపేసి వచ్చాడు.

ఇంతలో నగరంలోని మైదానాల మధ్య పోటీ వచ్చింది. జట్టుకు నలుగురు కావాలి. ముగ్గురు ఖాయమయ్యారు. నాలుగో చోటుకు పద్మాకర్, టీచరు మిగిలారు. అతను మూడేళ్లుగా ఆ చోటు కోసం కాచుకుని ఉన్నవాడు. ఆ చోటు ఎవరిదో తేల్చడానికి ఆదివారం వాళ్లిద్దరికీ ఆట ఉందనగా, శనివారమే ఆఫీసులో అందరికీ తను జట్టులో ఉన్నట్టు చెప్పేశాడు.

ఆదివారం అతను నిజంగానే బాగా ఆడాడు. ఇంకొక్క పాయింటు గెలిస్తే చోటు తనదే. అప్పుడు టీచరు కొట్టిన బంతి గీతకు రెండు వేళ్ల అవతల పడింది. ఈసారి అబద్ధం లేదు, అనుమానం లేదు. "అవుట్" అని గట్టిగా అన్నాడు. అనడంతోనే అతని కాలు తన పని తాను చేసేసింది.

టీచరు ఎప్పటిలాగే గుర్తు చూడడానికి వల దాటి వచ్చింది. కోర్టును రోజూ తడిపి చదును చేసే యాదగిరి కూడా వచ్చాడు. ఆ రోజు తీర్పు అతనిదే.

"గుర్తేది సార్?" అన్నాడు యాదగిరి.

"ఇక్కడే పడింది. రెండు వేళ్లు బయట. నా కళ్లతో చూశాను."

"ఉంటే చూపియ్యి సార్. గుర్తు లేకుంటే పాయింటు మళ్ల ఆడాలె. మనకాడ గదే పద్ధతి."

పద్మాకర్ చుట్టూ నిలబడ్డవాళ్ల వైపు చూశాడు. అతని "అవుట్"లు ఏళ్ల తరబడి విన్నవాళ్లు కావడంతో ఒక్కరూ అతని మాట నమ్మలేదు. మళ్లీ ఆడాడు. ఆ పాయింటు పోయింది, దాని వెనకాలే ఆటా పోయింది.

నీళ్ల కుళాయి దగ్గర టీచర్ని కలిసి, అది నిజంగా అవుటేనని, కనీసం మీరైనా నమ్మండని బతిమాలాడు.

"బయట పడిందేమోనని నాకూ అనిపించింది బాబూ," అంది టీచరు. "అంత దూరం నుంచి ఖాయంగా చెప్పలేను కదా. చూసి, మీ పాయింటు మీకిచ్చేద్దామనే వచ్చాను. వచ్చేసరికి అక్కడ మీ బూటు గీత తప్ప ఏమీ లేదు."

పద్మాకర్ తల దించుకున్నాడు. ఆవిడ రోజూ అంతసేపు వంగి ఏం చూసేదో అతనికి అప్పుడు తెలిసింది.

నిజాన్ని చెరిపేయడం అలవాటు చేసుకున్నవాడికి, నిజం తన వైపే ఉన్న రోజున కూడా సాక్ష్యం మిగలదు.