బంతికీ బంతికీ మధ్య

ఎవరైనా ప్రశ్న వేస్తే డాక్టర్ పేరిశాస్త్రిగారు జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ వెనకే నడవడం శిష్యురాలు హైమవతికి అలవాటైపోయింది.

ఈసారి ప్రశ్న వంటమేస్త్రి కామేశం గురించి. గుండిగ ఎత్తితే చాలు, అతనికి రొమ్ము మధ్య బండ పెట్టినట్టు నొప్పి వచ్చేది. శాస్త్రిగారు రెండు మందులిచ్చారు: రోజూ వేసుకునేది ఒకటి, నొప్పి వస్తే కూర్చుని నాలుక కింద పెట్టుకునేది ఇంకొకటి. నొప్పి తగ్గింది. కానీ నాడి యాభై ఎనిమిదికి దిగిందని మందులషాపాయన చెప్పేసరికి కామేశం హడలిపోయాడు. గుండె ఆగిపోయేలా ఉంది, రేపటినుంచి రోజువారీ మాత్ర మానేస్తానని భీష్మించుకు కూర్చున్నాడు. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని హైమవతికి తెలుసు. నచ్చజెప్పడమే చేతకాలేదు. నిజానికి ఆ అనుమానం ఆమెకూ ఉంది.

“రక్తం చాలకే కదండీ గుండెకి నొప్పి. సన్నబడ్డ నాళాన్ని ఆ మాత్ర వెడల్పు చెయ్యదు, పైగా గుండెని నెమ్మది చేస్తుంది. ఇదేం వైద్యమండీ?”

శాస్త్రిగారు ఆమెను కామేశం వండుతున్న పెళ్ళికి తీసుకెళ్ళారు.

భోజనాల్లో మూడో బంతి లేవకముందే నాలుగో బంతివాళ్ళు కుర్చీల వెనక కాపలా కాస్తున్నారు. పొయ్యి దగ్గర కామేశానికి పనితో ఊపిరి సలపడం లేదు, మొహం పీక్కుపోయింది. శాస్త్రిగారు పెళ్ళికూతురి తండ్రిని పక్కకు పిలిచి, నాలుగో బంతిని పావుగంట ఆపమనీ, ఆపైన కూడా సగంమందినే కూర్చోబెట్టమనీ బతిమాలారు. ఆకలి మీదున్న పెద్దమనుషులు గొణిగారు. ఒక మేనమామ అలిగాడు కూడా. కామేశం మాత్రం బోర్లించిన గంగాళం మీద కూలబడి, పప్పూ అన్నం కలుపుకుని ఆవురావురుమంటూ తిన్నాడు. అతని మొహంలోకి కళ వస్తుంటే హైమవతికి హాయిగా అనిపించింది.

“ఇన్ని గుండిగల అన్నం పెట్టుకుని పొద్దుటినుంచీ పస్తున్నావేమయ్యా?” అని అడిగారు శాస్త్రిగారు.

“అన్నానికేం లోటండీ, తీరికేదీ? బంతికీ బంతికీ మధ్య తింటేనే మాకు తిండి.”

హైమవతి ఉలిక్కిపడింది. గుండె తన రక్తం తాను తీసుకునేది ఎక్కువగా ఒకసారి కొట్టుకోవడానికీ ఇంకోసారి కొట్టుకోవడానికీ మధ్యనేనని ఆమె పుస్తకంలో ఎన్నిసార్లు చదవలేదు! గుండెకి తిరిగొచ్చే రక్తాన్ని తగ్గించి, ఇలా సగంమందినే రానివ్వడం నాలుక కింది మాత్ర పని అని కూడా తట్టింది. నవ్వుకుంటూ కామేశం మణికట్టు పట్టుకుంది.

“ఇంకా నెమ్మదిగానే ఉందాండీ?” అన్నాడు అతను బెంగగా.

“ఉండనీ,” అన్నారు శాస్త్రిగారు. “దాన్నీ కాస్త అన్నం తిననియ్యవయ్యా.”