మసక కళ్ళ కాపలా

అనగనగా, ఎండాకాలం కోసం అందరూ కలిసి గింజలు దాచుకునే ఒక అడవిలో చెంగి అనే కుందేలు ఉండేది. లెక్కల్లో దిట్ట. ఎన్ని గింజలుంటే ఎన్నాళ్ళు వస్తాయో చిటికెలో చెప్పేది. అందుకే ఆ ఏడాది గింజల గుహకు దాన్నే పెద్దగా పెట్టారు.

గుహలో తాబేలు బోడెమ్మ గింజలు ఏరేది. గుమ్మం దగ్గర సింగన్న అనే జెర్రిపోతు కాపలా. ఆ పాము ఉందంటే ఎలుకలు ఆ ఛాయలకే రావు.

చెంగి పనిలోకి వచ్చిన మొదటిరోజు దూరం నుంచే సింగన్నను గట్టిగా పిలిచింది. అతను రాతిచాటు నుంచి కదల్లేదు.

మర్నాడు దగ్గరికి వెళితే బుస్సుమన్నాడు.

మూడోరోజు ఒక ఎలుక అతని ముందునుంచే దర్జాగా లోపలికెళ్ళి, బుగ్గల నిండా గింజలు కుక్కుకుని వచ్చింది. సింగన్న తల కూడా తిప్పలేదు.

"ఇలాగైతే వేసవి సగంలోనే గింజలు నిండుకుంటాయి," అంది చెంగి. "సాయంత్రానికల్లా ఇతన్ని తీసేసి ముంగిసను పెడతాను."

బోడెమ్మ డిప్పలోంచి మెడ చాచింది. "ఏమైందని అడిగావా అతన్ని?"

"అడగడానికేముంది అత్తా? దొంగను చూస్తూ ఊరుకున్నాడు."

"తీసేసే ముందు ఒక్కమాట అడిగితే నీ సొమ్మేం పోదే పిల్లా."

చెంగి విసవిసా వెళ్ళి సింగన్న ముఖానికి ఎదురుగా నిలబడింది.

"ఎవరది?" అన్నాడు సింగన్న.

పట్టపగలు. ఎదురుగా నిలబడ్డా పోల్చుకోలేదేమని చెంగి వంగి చూసింది. అతని కళ్ళమీద పాలమీగడలాంటి పొర.

"నేను, చెంగిని. మీ కళ్ళకేమైంది మామా?"

సింగన్న తల వాల్చాడు. "కుబుసం విడిచే ముందు మాకింతేనమ్మా. కొన్నాళ్ళు ఏమీ కనబడదు. ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఎవరైనా దగ్గరికొస్తే భయమేసి బుసకొడతాను."

"చెప్పొచ్చుగా?"

"నువ్వు గుహకు కొత్తగా వచ్చిన పెద్దవి. చూపులేని కాపలావాడు నాకెందుకు అంటావేమోనని."

"అనేదాన్నే," అని ఒప్పుకుంది చెంగి. అతని పక్కనే చతికిలబడింది. "మీకు చూపు వచ్చేదాకా చూడటం నా పని, తరమడం మీ పని. ఎలుక వస్తే మీకెలా చెప్పను?"

"కాలితో నేలను కొట్టు. ఆ అదురు నా ఒళ్ళంతా తెలుస్తుంది."

సాయంత్రం ఎలుకల గుంపు వచ్చింది. "కదలని పామురా, రండి రండి," అని నవ్వుకున్నాయి. చెంగి ఎడమకాలు దబ్బుమంది. సింగన్న ఎడమవైపు దూసుకెళ్ళాడు. కుడికాలు దబ్బుమంది. కుడివైపు లేచాడు. ఎలుకలు ఎత్తుకున్న గింజలు కూడా వదిలేసి పొదల్లోకి పరుగో పరుగు.

కుబుసం ఊడేదాకా వాళ్ళిద్దరి కాపలా అలాగే సాగింది. ఊడేరోజున చెంగి ఒక గరుకురాయి దొర్లించుకొచ్చింది. సింగన్న దానికి ఒరుసుకుంటూ పాత చర్మంలోంచి నిగనిగలాడుతూ బయటికొచ్చాడు. చెంగిని ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా చెంగివి? ఆ గొంతు విని ఎలుగుబంటంత ఉంటావనుకున్నాను."

బోడెమ్మ డిప్ప ఊగేలా నవ్వింది. చెంగి చెవులు వాల్చి, "ఇకనుంచి దగ్గరికొచ్చే పిలుస్తాను మామా," అంది.

నీతి: తోటివాడి పనిలో తప్పు కనబడితే, తీర్పు చెప్పేముందు దగ్గరికి వెళ్ళి అతని కష్టమేమిటో అడగాలి.