బుచ్చబ్బాయి కొన్న చవక జీపీఎస్

కొత్తలంకలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళోవాళ్ళు నవ్వి ఊరుకుంటారు గానీ, తాతబ్బాయిని అడిగితే ఠక్కున తన గుమ్మమే చూపిస్తాడు. "మా ఇంట్లో చెప్పిన మాట చెప్పినట్టు చేస్తామండి. వెంట్రుకవాసి తేడా రాదు" అని మీసం తిప్పుతాడు. పెళ్ళాం మంగాయమ్మ పక్కనుంచి "అవునవును" అంటుంది. తమ్ముడు బుచ్చబ్బాయి ఇద్దరికీ కలిపి తలూపుతాడు. ఓసారి వదినగారు "పాలు చూస్తూ ఉండవయ్యా" అని పెరట్లోకి వెళ్తే, అవి పొంగి పొయ్యిలో పడి మంట ఆరిపోయేదాకా మనవాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. అంత బుద్ధిమంతుడు.

ఆ బుద్ధిమంతుడికి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు హైమ, పక్క మండలంలో సోషల్ టీచరు. పెళ్ళిచూపుల్లో కాఫీ అందిస్తూ "వేడిగా ఉంది, జాగ్రత్తగా పట్టుకోండి" అంది. అంతే! బుచ్చబ్బాయి గ్లాసుని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని, వేళ్ళు కాలుతున్నా వదలకుండా, తాగకుండా, అది చల్లారి మీగడ కట్టేదాకా అలాగే కూర్చున్నాడు. హైమ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసిన దగ్గర్నించీ మనవాడికి అన్నం సయించడం మానేసింది. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే పెళ్ళే వద్దని ఒట్టేసుకున్నాడు.

హైమ తండ్రి రామలింగేశ్వర్రావుగారు మాత్రం నీళ్ళు నమిలారు. "ఆ ఇంటి గురించి ఊళ్ళో ఏవేవో అంటున్నారమ్మా!"

"ఊళ్ళోవాళ్ళ మాటెందుకు నాన్నా? నేనే చూసుకుంటాను" అంది హైమ.

ఆ పిల్లకో సరదా ఉంది. పెట్టెల వేట. ఎక్కడో ఓ చిన్న పెట్టె దాచి, ఆ చోటు ఎక్కడో చెప్పే అంకెల్ని ఇంటర్నెట్లో పెడతారు. వెతికేవాళ్ళు జీపీఎస్ యంత్రం పట్టుకుని వెళ్ళి, పెట్టె కనిపెట్టి, అందులో ఉన్న బుల్లి పుస్తకంలో పేరు రాసి వస్తారు. పైసా లాభం లేదు, అదో ఆనందం. హైమ బుచ్చబ్బాయికి ఫోన్ చేసింది.

"మీ ఊరి కాలవగట్టు వైపు నేనో పెట్టె దాచానండి. అంకెలు పంపిస్తాను. చేతిలో పట్టుకునే జీపీఎస్ ఒకటి, చవకదే, కొనుక్కోండి. బాణం ఎటు చూపిస్తే అటు తిన్నగా వెళ్ళండి. పుస్తకంలో మీ పేరు రాసి, పెట్టెలో అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టెయ్యండి. ఆదివారం సాయంత్రం నేనూ నాన్నగారూ వచ్చి చూస్తాం. మీ పేరు కనపడిందా, ముహూర్తం పెట్టించేస్తారు. కనపడలేదా, ఇంక నేను కూడా ఏం చెయ్యలేను."

ఇంకేముంది, ముగ్గురూ అమలాపురం బస్సెక్కారు.

కొట్టువాడు అద్దాల బీరువాలోంచి ఓ యంత్రం తీసి బల్లమీద పెట్టాడు. "మా దగ్గర ఇదే చవకండి. ఆకాశంలో ఉపగ్రహాలుంటాయి కదా, ఒకేసారి పాతిక దాకా అందుకుంటుంది."

తాతబ్బాయి బేరంలో తలపండినవాడు. "పాతిక మాకెందుకయ్యా? ముగ్గురమే ఉన్నాం. మనిషికొకటి ఉంచి మిగతావి నువ్వే తీసేసుకో. ధర తగ్గించు."

"అలా తియ్యడానికి రాదండి. ఇందులో ప్రపంచం మొత్తం మ్యాపు కూడా ఉంది."

"ప్రపంచంతో మాకేం పనండీ?" అంది మంగాయమ్మ. "మా మండలం వరకూ కోసి ఇవ్వండి. కాలవ మాత్రం రెండు గట్లూ ఉండేలా చూడండి."

కొట్టువాడు కాసేపు ఫ్యాను వైపు చూసి, తనే ధర తగ్గించేశాడు. వాళ్ళని పంపించేస్తే చాలనిపించింది పాపం. హైమ పంపిన అంకెలు యంత్రంలో ఎక్కించి, వాడే జాగ్రత్తలు కూడా చెప్పాడు. "నీళ్ళలో పడినా పాడవదండి. కింద పడినా పగలదు. ఆకాశం కనపడేలా ఉంచండి, అప్పుడే పనిచేస్తుంది. చవక రకం కదా, ఓ పది అడుగులు అటూ ఇటూ పోతుంది. అంతకంటే పోదు."

ఇంటికి రాగానే మంగాయమ్మ దాన్ని నీళ్ళగాబులో వేసింది. నీళ్ళలో పాడవదన్నాక, బయట గాలికి పెట్టి పాడుచేసుకోవడం ఎందుకని ఆవిడ బాధ. తాతబ్బాయి బయటికి తీసి, కింద పడితే పగలదన్న మాట నిజమో కాదో చూద్దామని అటకెక్కి జారవిడిచాడు. పగల్లేదు. కింద కూర్చున్న బుచ్చబ్బాయి నెత్తిమీద పడింది మరి. "మంచి సరుకేరా!" అన్నాడు తాతబ్బాయి. బుచ్చబ్బాయి బొప్పి నిమురుకుంటూ "అవునన్నయ్యా" అన్నాడు.

పది అడుగులు పోతుందన్నాడు కదా, రాత్రి లేచి పోతే ఎలాగని గేదె పలుపుతో గుంజకి కట్టేశారు. అంతలో తాతబ్బాయికి గుర్తొచ్చింది. "ఒరేయ్, ఆకాశం కనపడాలన్నాడు కదరా! ఇంట్లో దీనికేం కనపడుతుంది?"

అంతే, అన్నదమ్ములు పైకెక్కి, యంత్రం ఉన్న గది మీద పెంకులన్నీ తీసేశారు. తెల్లారకుండానే వాన పట్టుకుంది. మంచాలు తడిశాయి, బియ్యం డబ్బా తడిసింది, పెళ్ళికని దాచిన కొత్త బట్టలు కూడా తడిసి రంగులు కారాయి. గొడుగు పెడదామంది మంగాయమ్మ.

"చాల్లే! గొడుగు పెడితే దానికి ఆకాశం కనపడద్దూ?" అని కసిరాడు తాతబ్బాయి. అని, తనే గొడుగు లేకుండా దాని పక్కన తడుస్తూ కూర్చున్నాడు.

ఆదివారం వచ్చింది. బుచ్చబ్బాయి పలుపు విప్పాడు. యంత్రం చేతిలోకి తీసుకుంటే బాణం తూర్పుకి చూపించింది. తూర్పున సూర్యారావుగారి ఇల్లు. పక్కనే నున్నటి సందు, నేరుగా కాలవగట్టుకే పోతుంది. కానీ ఆ సందు మొదట్లో కాస్త వంకర తిరిగి ఉంది.

"వంకర దారి మనకొద్దు. హైమగారు తిన్నగా వెళ్ళమన్నారు" అన్నాడు బుచ్చబ్బాయి.

సూర్యారావుగారు వరండాలో విస్తరి ముందు కూర్చుని పప్పులో నెయ్యి వేసుకుంటున్నారు. ముగ్గురూ వరసగా వచ్చి, "ఏమనుకోకండి బాబాయ్" అని ఆయన విస్తరి దాటి, వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళిపోయారు. పెరటి గోడ అడ్డొచ్చింది. బాణం గోడకేసి చూపిస్తోంది. తాతబ్బాయి అక్కడే ఉన్న గునపం అందుకున్నాడు.

"ఓరి మీ తెలివి మండా! పక్కన సందు పెట్టుకుని నా గోడ పొడుస్తార్రా?" అని ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చారు సూర్యారావుగారు.

"సందు మీది కాదు కదండీ, మీకెందుకండి దానిమీద అంత అభిమానం?" అంది మంగాయమ్మ నొచ్చుకుంటూ.

ఆయన నెత్తి కొట్టుకుని, గోడ దక్కించుకోడానికి తనే నిచ్చెన వేసి దాటించారు. ఆ తర్వాత కాలవ. నాలుగడుగుల అవతల వంతెన ఉంది. బాణం మాత్రం నీళ్ళకేసే చూపిస్తోంది. ఇంకేముంది, దిగారు. మెడలోతు నీళ్ళు. పాడైపోతాయని చెప్పుల్ని నెత్తిన పెట్టుకుని, నీళ్ళలో పాడవని యంత్రాన్ని నీళ్ళలోనే ముంచి పట్టుకుని, మొత్తానికి అవతలి గట్టెక్కారు.

అక్కడ యంత్రం కూ అని కూసింది. చుట్టూ వెతికితే ఓ కొబ్బరి మొద్దు తొర్రలో పెట్టె! బుచ్చబ్బాయికి ఏడుపొచ్చినంత పనైంది. మూత తీశాడు. బుల్లి పుస్తకం, వెనక రబ్బరున్న పెన్సిలు. పుస్తకం తెల్లగా ఉంది. కాలవనీళ్ళు కారుతున్న చేతిని మొద్దుకి తుడుచుకుని, కుదురుగా కూర్చుని, బళ్ళో కూడా ఎప్పుడూ అంత అందంగా రాయలేదు, తన పేరు రాసుకున్నాడు. పక్కనే "హైమ" అని కూడా ఉంటే ఎంత బాగుంటుందో అనుకుని సిగ్గుపడ్డాడు.

పెట్టె మూయబోతూ ఆగాడు. జన్మలో మొదటిసారి సొంతంగా ఆలోచించాడు.

"అన్నయ్యా! అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టమన్నారు కదా. మనం తెరిచినప్పుడు ఇందులో పేరు లేదు కదా?"

తాతబ్బాయి, మంగాయమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్మో, ఎంత ముప్పు తప్పింది! నువ్వు చూడబట్టి సరిపోయింది గానీ!" అని తమ్ముడి వీపు తట్టాడు తాతబ్బాయి. మంగాయమ్మ దిష్టి తీసి మెటికలు విరిచింది. బుచ్చబ్బాయి ఒక్కో అక్షరాన్నీ ప్రాణం ఉసూరుమంటుండగా శుభ్రంగా చెరిపి, పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టేశాడు.

సాయంత్రం తండ్రీకూతుళ్ళు స్కూటరు మీద వంతెన దాటి వచ్చారు. ముగ్గురూ అప్పటిదాకా ఆ మొద్దు దగ్గరే కాచుక్కూర్చున్నారు. రామలింగేశ్వర్రావుగారు పుస్తకం తెరిచి, అటు తిప్పి ఇటు తిప్పి, కూతురి చేతిలో పెట్టారు. హైమ మొహం వాడిపోయింది.

"మీకు పెట్టె దొరకలేదాండీ?"

"దొరికిందండి. రాశానండి కూడా. చాలా బాగా కుదిరింది. తరవాత మీరు చెప్పారు కదా అని, ఉన్నది ఉన్నట్టు చేసేశాను."

హైమకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుస్తకం మూసి పెట్టెలో పెట్టేసింది. తండ్రి "పదమ్మా" అని స్కూటరు స్టార్టు చేశారు. ఆ పిల్ల వెళ్ళి వెనక కూర్చుంది. స్కూటరు కదిలింది.

బుచ్చబ్బాయి ప్రాణం పోయినట్టయింది. గుప్పిలి బిగించి, "ఆగండి, సాక్ష్యం ఉంది!" అని అరుస్తూ గట్టు వెంట పరిగెత్తి, వంతెన దగ్గర స్కూటరుకి అడ్డంగా నిలబడ్డాడు. రొప్పుతూ గుప్పిలి విప్పాడు. అరచేతిలో నల్లటి రబ్బరు పొట్టు.

"నా పేరు మొత్తం ఇందులోనే ఉందండి, ఒక్క రవ్వ కూడా పారబొయ్యలేదు" అన్నాడు. "అక్షరాలు కాస్త కలిసిపోయాయి గానీ, ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుకోండి, వస్తుంది."