ఉప్పుటేరు వంతెనకు అవతల

సుభద్ర గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు చెప్పులు వెతుక్కుంటారు. రోడ్లూ వంతెనలూ కట్టించే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, తుఫాను ముందు జనాన్ని ఎలా తరలించాలో నేర్పే చిన్న శిక్షణ కేంద్రంలో ఆవిడ పాఠాలు చెబుతున్నారు. ఆ పాఠాల్లో సగం దారి మీదే జరుగుతాయి. ఎండలో తిరగలేని శిష్యులు ప్రశ్నలు అడగడమే మానేశారు. మృదుల మాత్రం మానలేదు.

మృదులకు అప్పగించిన ఊరు నత్తలపాలెం. ఒకవైపు సముద్రం, మిగతా వైపులా ఉప్పుటేరు. బయటికి రావడానికి ఒకే రోడ్డు, దాని చివర ఒకే ఇరుకు వంతెన. ఆ అమ్మాయి ఊరు మొత్తాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇళ్ళు, సందులు, ట్రాక్టర్లు, మనుషుల బదులు చిన్న చిన్న చుక్కలు. మీట నొక్కితే తుఫాను కబురు అందినట్టు లెక్క. చుక్కలు ఇళ్ళలోంచి బయటికొచ్చి, రోడ్డెక్కి, వంతెన దాటి పోతాయి. దారి ఎక్కడ బిగుసుకుంటుందో ఇలా ముందే తెలిస్తే, ప్రాణాల మీదికి రాకముందే సరిచేసుకోవచ్చు. సిమ్యులేషన్ అనేది ఇందుకే. ఎన్నిసార్లు నడిపినా మృదుల చుక్కలు బుద్ధిగా దాటేవి. పోటునీళ్ళు రోడ్డు మీదికి రావడానికి చాలా ముందే ఊరు ఖాళీ అయిపోయేది.

తర్వాత నిజం మనుషులతో మాక్ డ్రిల్ పెట్టారు. మొదటి ట్రాక్టరు వంతెన దాకా వచ్చి, ఎక్కకుండా ఆగింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఆటోలు. మైకులో కదలమని చెప్పారు, బతిమాలారు. జనం మాత్రం బళ్ళలో కూర్చుని ఊరి వైపు తిరిగి చూస్తూ ఉండిపోయారు. ఊరు మొత్తం వచ్చి చేరాకే మొదటి బండి కదిలింది. వాళ్ళు ఆగిన ఆ చోటే రోడ్డంతటిలోకీ పల్లం. పోటు వస్తే ముందు మునిగేది అదే.

మర్నాడు మృదుల నిద్రలేని కళ్ళతో వచ్చింది.

"దారిలో అడ్డం ఏమీ లేదు మేడం. అయినా ఆగిపోయారు. ఈ ఆగడాన్ని చుక్కలకి ఎలా నేర్పాలో నాకు తెలీడం లేదు. అక్కడ పోలీసుల్ని పెట్టి తోలించమని ప్లానులో రాసెయ్యనా? లేకపోతే ఆ పల్లంలోనే అంతా పోతారు."

సుభద్ర గారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ నత్తలపాలెం రేవుకు చేరేసరికి బోట్లు తిరిగొస్తున్నాయి. అన్నిటికంటే ముందొచ్చిన బోటు కాసులమ్మ అనే పెద్దావిడ కొడుకుది. బోటు నిండా కవళ్ళ చేపలు. ఐసు బళ్ళు వచ్చి నిలబడ్డాయి, వేలంపాట పాడేవాళ్ళు గొడుగుల కింద తొందరపడుతున్నారు. చేప మీద ఎండ పడుతోంది. అయినా ఆ బోటులోంచి ఒక్క గంప కూడా దిగలేదు. కాసులమ్మ ఒడ్డున కూర్చుని నోట్లో చుట్ట పెట్టుకుని సముద్రం వైపు చూస్తోంది.

మృదుల ఆవిడ పక్కన కూర్చుంది. "దింపరేంటమ్మా? పాడైపోదూ?"

"అవుద్ది. ఎల్లాజీ బోటు ఇంకా రానేదు గదా."

"మీ బంధువా?"

"ఆడా? నా వల కోసీసినోడు. మాకూ ఆడికీ మాటల్నేవు."

మృదులకు నవ్వాలో వద్దో తెలియలేదు. సుభద్ర గారి వైపు చూసింది. ఆవిడ గవ్వలు ఏరుకుంటున్నారు. కాసులమ్మే మళ్ళీ అందుకుంది. "సరుకు దించీస్తే మగోళ్ళు ఇళ్ళకి పోయి తొంగుంటారమ్మా. ఆడు రాకపోతే ఎతకడానికి ఎవుడెల్తాడు? సముద్రంలోకి కలిసెల్లినాం, కలిసే ఒడ్డెక్కాల. పోట్లాట ఒడ్డు మీద ఎట్టుకోవచ్చు."

చాలాసేపటికి అలల మీద ఒక నల్లటి ముక్క తేలింది. ఆ బోటు ఇసక తాకగానే అందరూ ఒక్కసారిగా లేచి గంపలు అందుకున్నారు. "సముద్రం ఖాళీ సేసొచ్చినావేట్రా?" అని ఎవరో ఎల్లాజీని ఎత్తిపొడిచారు. కాసులమ్మ మాత్రం మొహం తిప్పుకుని తన చేపకు ధర తగ్గించారని పాటగాడితో జగడానికి దిగింది.

మృదుల కేంద్రానికి వచ్చి కంప్యూటరు తెరిచింది. కుటుంబాల చుక్కలన్నిటినీ ఒకదానికొకటి కట్టి, చివరిది వచ్చేదాకా ముందుది ఆగేలా రాసింది. నడిపితే చుక్కలు అచ్చం మనుషుల్లాగే వంతెన ముందు గుంపుగా ఆగాయి. నీళ్ళు వచ్చాయి. తెర మీద ఆ గుంపు ఎర్రగా మారింది. మృదుల తల పట్టుకుంది.

వెనక నిలబడి చూస్తున్న సుభద్ర గారు వేలితో తెర మీద వంతెన చూపించారు. "వాళ్ళు ఇవతలే ఆగాలని ఎవరన్నారు?"

వంతెన దాటగానే మెరక మీద మూతపడ్డ రైసు మిల్లు ఉంది. ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన పెద్ద సిమెంటు కళ్ళం, చుట్టూ రేకుల షెడ్లు. మృదుల పోలీసుల మాట కొట్టేసి, బళ్ళన్నీ అక్కడికి చేరాలని రాసింది. బస్సుల్ని కూడా అక్కడికే రప్పించమంది. పై అధికారికి ఇది నచ్చలేదు. "మధ్యలో ఈ మజిలీ ఏంటమ్మా? వచ్చినవాళ్ళని వచ్చినట్టు బస్సెక్కిస్తే పోదా?" అన్నాడు. చివరికి, ఆ కళ్ళం నీళ్ళకు అందనంత ఎత్తులో ఉందని చూపిస్తే విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.

కాసులమ్మ వేసిన ప్రశ్న మాత్రం వేరు. "అక్కణ్ణుంచి మా రోడ్డు అగుపిస్తాదా?"

మృదుల ఆవిణ్ణి తీసుకెళ్ళి కళ్ళం అంచున నిలబెట్టింది. ఉప్పుటేరు మీదుగా, తుమ్మచెట్లు దాటి, ఊరి మొదటి ఇంటి దాకా రోడ్డు కనిపించింది. కాసులమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది. "అయితే సరే," అంది.

ఆ ఏడాది చివర్లో తుఫాను నిజంగానే వచ్చింది. పొద్దున్నే కబురు పంపారు. మొదటి ట్రాక్టరు వంతెన దగ్గర వేగం తగ్గించింది. మృదుల అవతల వానలో తడుస్తూ నిలబడి చూస్తోంది. ట్రాక్టరు మీద ముందు కూర్చున్న కాసులమ్మ డ్రైవరు వీపు మీద ఒక్కటి వేసింది. బండి వంతెనెక్కింది. దాని వెనకే మిగతావీ.

కళ్ళం నిండింది. బస్సులు సిద్ధంగా ఉన్నాయి. ఎవరూ ఎక్కలేదు. అందరూ అంచున నిలబడి ఊరి వైపు చూస్తున్నారు. డ్రైవర్లు హారను కొడుతున్నారు, అధికారి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. వంతెనకు ఊరి వైపున్న పల్లంలోకి అప్పుడే నీళ్ళు పాకుతున్నాయి. ఎల్లాజీ, అతని భార్య, ముసలి తండ్రి ఇంకా రాలేదు.

అధికారి ఫోను మృదులకు వచ్చింది. "నీ పని అయిపోయింది కదా, నువ్వు జీపెక్కి వచ్చెయ్." మృదుల "వస్తున్నాను సార్," అంది. కానీ కదలకుండా కాసులమ్మ పక్కన నిలబడి రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం దాటాక తుమ్మచెట్ల మధ్య ఒక ట్రాక్టరు కదిలింది. చక్రాలు సగం నీళ్ళలో. వంతెన ఎక్కి, కళ్ళంలోకి వచ్చి ఆగింది. తొట్టిలో ముసలాయన, కోడలు, వాళ్ళ మధ్య గోనెపట్టా చుట్టిన బోటు ఇంజను.

"ఇంజను ఇప్పుకోడానికి ఇంతసేపా, అడగమ్మా ఆణ్ణి," అంది కాసులమ్మ, మృదులతో.

"వచ్చీసినాను గదా, ఇంక బస్సెక్కమని సెప్పమ్మా ఆవిడికి," అన్నాడు ఎల్లాజీ, అతనూ మృదులతోనే.

కాసులమ్మ ముసలాయన చెయ్యి పట్టుకుని దింపింది. అప్పుడు జనం బస్సుల వైపు కదిలారు.

ఆఖరి బస్సు మలుపు తిరిగాక మృదుల సుభద్ర గారికి ఫోను చేసింది. మొదటి మోతకే ఆవిడ ఎత్తారు. చుక్కలకూ మనుషులకూ ఎక్కడ తేడా వచ్చిందో, ఎంత ఆలస్యమయిందో మృదుల చెప్పబోయింది.

"అందరూ వచ్చారా?" అని అడిగారు సుభద్ర గారు.

"వచ్చారు మేడం. ఒక్కరు కూడా మిగల్లేదు."

"సరే అయితే," అన్నారు ఆవిడ, "ఇక లేచి అన్నం పెట్టుకుంటాను."