నాగలాంబకు నగరం చూపించిన పేరిశాస్త్రి

ఒకానొక రాజ్యానికి వజ్రకూటం రాజధాని. మామూలు ఊరా అది! ఈ చివర నుంచి ఆ చివరకు గుర్రం మీద బయలుదేరితే దారిలో రెండుసార్లు గుర్రానికి మేత వేయాల్సి వచ్చేది. సాలెవాళ్లకే పదహారు వీధులు. కంచరులకు ఐదు. ఏనుగులకు ఏకంగా ఒక పేట. పరదేశులు కోటద్వారం దగ్గర తెరిచిన నోరు మళ్లీ పొలిమేర దాటాకే మూసేవారని చెప్పుకునేవారు.

అంతటి నగరానికి ఉన్న లోటల్లా నీళ్లే. మాఘం దాటితే చాలు, బావులు అడుగంటేవి. ఎగువన కొండసీమలో నిండుగా పారే ఏరు ఉంది. దాన్నుంచి కాలువ తవ్వుకోవాలంటే కొండసీమ రాణి నాగలాంబ ఒప్పుకోవాలి. ఆమె డెబ్బై ఏళ్లు పైబడిన పెద్దావిడ. తొందరపడి తలూపే మనిషి కాదు. ముగ్గురు రాయబారులు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చారు. నాలుగోవాడు బయలుదేరేలోపే ఆమె, "మీ ఊరు చూస్తాను. చూశాక చెబుతాను. ఒక్క రోజే ఉంటాను" అని కబురు పెట్టింది.

రాజు ప్రతాపభూపతి పొంగిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే తనంతటి రాజు భూమ్మీద లేడన్న నమ్మకం కాస్త ఎక్కువ. వెంటనే పేరిశాస్త్రిని పిలిపించాడు.

వచ్చిన అతిథులకు ఊరు చూపించడం పేరిశాస్త్రి ఉద్యోగం. సన్నటి మనిషి. ముఖం చూసి మనసులోది పట్టేసేవాడు. కవి వస్తే తెల్లవారుజామున ఏనుగులు గుంపుగా నడిచెళ్లే దారిలో నిలబెట్టేవాడు. వర్తకుడొస్తే సాలెవీధికి తీసుకెళ్లేవాడు. బాగా అలిసిపోయి వచ్చినవాడికి ఏమీ చూపించకుండా పడుకోబెట్టేవాడు. అందుకే వజ్రకూటం చూసిపోయిన ప్రతివాడూ అదంతా తనకోసమే కట్టిన ఊరనుకునేవాడు.

"శాస్త్రీ! రాణిగారికి ఏమేం చూపించాలో మేమే స్వయంగా పట్టిక రాశాం. మొత్తం డెబ్బై నాలుగు. ఒక్కటి తప్పినా నువ్వు ఈ ఊళ్లో ఉండవు" అన్నాడు రాజు.

పేరిశాస్త్రి పట్టిక విప్పి చూశాడు. మొదటి నలభై నాలుగూ రాజుగారి విగ్రహాలే. తరువాత విజయస్తంభాలు. ఆపైన రాజుగారు మొదటిసారి గుర్రమెక్కిన అరుగు, రాజుగారు పులిని చూసిన చోటు, రాజుగారిని చూసి పులి పారిపోయిన చోటు.

ఇదంతా చూసిన పెద్దావిడ ఏమంటుంది? కాళ్లనొప్పులతో కొండెక్కిపోతుంది. కాలువ మాట మళ్లీ ఎత్తదు. ఆ మాట రాజుతో అంటే? తన మూటాముల్లె సర్దుకోవాలి. ఎటు చూసినా నుయ్యే.

శాస్త్రి పట్టికను కళ్లకద్దుకున్నాడు. "అద్భుతం ప్రభూ! అయితే చిన్న భయం. రాణిగారు మధ్యలో 'ఇక చాలు' అంటే ఏం చేయాలి?"

"అన్నా సరే, చూపించాల్సిందే!"

"దిగి నడుస్తానంటే?"

"కాలయాపన! పల్లకీ దిగడానికి వీల్లేదు."

"దాహమంటే?"

రాజు ఒక్క క్షణం ఆలోచించాడు. "ముప్పై చూశాక మజ్జిగ. అంతకుముందు నువ్వు ఏమీ ఇవ్వకూడదు."

"తమ ముద్ర వేసి రాసిస్తే బోయీలు కూడా మారు మాట్లాడరు. పల్లకీలో ఎవరున్నా ఇదే నియమమని ఉంటే మరీ మంచిది." రాజు రాసిచ్చాడు. ముద్ర కూడా వేశాడు.

"ఇక ఒక్కసారి ముందుగా నడిపి చూసుకోవాలి ప్రభూ. అతిథి స్థానంలో ఎవరినైనా కూర్చోబెట్టాలి. నేను కూర్చుందును గానీ, రాణి ఎక్కే పల్లకీలో నాలాంటి వాడెక్కితే పల్లకీకే చిన్నతనం. రాజరక్తం ఉన్నవాళ్లు కావాలి. ఎక్కడ దొరుకుతారో ఏమో!"

రాజు మీసం దువ్వాడు. "ఎక్కడో ఎందుకయ్యా? మేమే కూర్చుంటాం. ఎవరూ గుర్తుపట్టకుండా పరదేశి వేషంలో వస్తాం."

మర్నాడు పొద్దు పొడవగానే పల్లకీ లేచింది. పరదేశి తలపాగాతో రాజు లోపల కూర్చున్నాడు. పక్కన పట్టికతో పేరిశాస్త్రి నడిచాడు. మొదటి విగ్రహం దగ్గర రాజు ఉప్పొంగాడు. ఐదోదాని దగ్గర తలూపాడు. పదో దాని దగ్గర ఆవులించాడు. పద్దెనిమిదో దాని దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

"శాస్త్రీ, ఇంకా ఎన్ని?"

"యాభై ఆరు, అతిథీ!"

"కాసేపు దిగుతాం."

"నియమం ఒప్పుకోదు అతిథీ."

"మేము రాజులం! దించండి పల్లకీ!" అని అరిచాడు ప్రతాపభూపతి.

ముందు మోస్తున్న బోయీ జాలిగా వెనక్కి చూశాడు. "పాపం, పరదేశి. మన ఎండ అలవాటు లేదు. మాటలు తడబడుతున్నాయి" అన్నాడు. వెనకవాడు, "రాజుగారి ముద్ర ఉంది కదయ్యా, రాజుగారే వచ్చి చెప్పినా దించకూడదు" అన్నాడు.

ఇరవై తొమ్మిదో విగ్రహం చూశాక శాస్త్రి దగ్గరిదారి అంటూ పల్లకీని ఒక ఇరుకు సందులోకి మళ్లించాడు. అక్కడ పల్లకీ కదలలేదు. సందు నిండా కుండలు. కుండల వెనక ఆడవాళ్లు. సందు చివర ఒక బావి. గిలక కిర్రుమంటోంది. బొక్కెన పైకొచ్చిన ప్రతిసారీ సగం బురద. అది తేరుకునేదాకా ఆగి, పైపై నీళ్లు చెంబుతో ముంచుకుంటున్నారు.

రాజు నాలుక పిడచగట్టుకుపోయింది. "శాస్త్రీ, గుక్కెడు నీళ్లు!"

"ఇంకొక్క విగ్రహం అతిథీ. తరువాత మజ్జిగే ఇస్తాను."

పక్కనే ఈరమ్మ అనే ముసలావిడ అప్పుడే నిండిన కడవ చంకనెత్తుకుంటోంది. పల్లకీలోని మనిషి ముఖం చూసి ఆగింది. "ఇదేం చోద్యమయ్యా! దాహమన్నవాడికి నీళ్లివ్వడానికి నీకు చేతులు రావా?" అని శాస్త్రిని కసిరి, కడవ వంచింది. రాజు దోసిలి పట్టాడు. ఒక దోసిలి, రెండు, ఐదు. కడవ సగమైంది.

"అవ్వా, ఎప్పటినుంచి నిలబడ్డావు?" అని అడిగాడు రాజు మూతి తుడుచుకుంటూ.

"కోడి కూయకముందు వచ్చాను నాయనా. పర్వాలేదులే, మళ్లీ నిలబడతాను. మా ఊరు చూడ్డానికొచ్చినట్టున్నావు. దాహంతో పోయావంటే మా ఊరికి ఎంత అప్రతిష్ఠ!" అంటూ ఆమె తిరిగి వరస చివరికి నడిచింది.

రాజు పల్లకీలోంచి తల బయటికి పెట్టి వరస పొడవు చూశాడు. ఆపైన శాస్త్రి వైపు తిరిగాడు. "శాస్త్రీ, నియమం తప్పావు. ముప్పై కాకుండానే నీళ్లు ఇప్పించావు."

"నేనివ్వకూడదని ఉంది. ఈరమ్మ ఇవ్వకూడదని తమరు రాయలేదు" అన్నాడు శాస్త్రి.

పల్లకీ మళ్లీ కదిలింది. నలభై ఒకటో దాని దగ్గర ఆయనకు కళ్లు తిరిగాయి. అప్పుడు శాస్త్రి పల్లకీని రాజభవనానికి తిప్పించాడు.

చల్లబడి సభలో కూర్చున్నాక రాజుకు కోపం వచ్చింది. మామూలు కోపమా! మీసం నిలవలేదు.

"ఎండలో తిప్పి మమ్మల్ని వెక్కిరించావు! రేపే ఊరు విడిచిపో!"

పేరిశాస్త్రి చేతులు కట్టుకున్నాడు. "అలాగే ప్రభూ. వెళ్లేముందు ఒక్క ప్రశ్న. పద్నాలుగో విగ్రహంలో తమ ఖడ్గం కుడిచేతిలో ఉందా, ఎడమచేతిలోనా?"

రాజు గడ్డం గోక్కున్నాడు. "కుడి... కాదు, ఎడమ."

"అందులో ఖడ్గం లేదు ప్రభూ. చిలక ఉంది."

సభలో ఎవరో దగ్గారు. శాస్త్రి మెల్లగా అన్నాడు: "పోనీ, నీళ్లిచ్చిన అవ్వ ఏ చేత్తో కడవ వంచింది?"

"ఎడమచేత్తో" అన్నాడు రాజు తడుముకోకుండా. "కుడిచెయ్యి కడవ అడుగున పట్టింది. మణికట్టుకి పచ్చబొట్టు ఉంది. తేలు."

శాస్త్రి వెంటనే అందుకున్నాడు.

"తమ రూపమే తమకు గుర్తు లేదు ప్రభూ, పరాయి రాణికి ఎలా గుర్తుంటుంది? పైగా ఇన్ని విగ్రహాలు చూస్తే 'వీళ్లకు దేనికి లోటు?' అనుకుంటుంది. ఆకలని అడగడానికి వెళ్లినవాడు తేనుస్తూ వెళ్లకూడదు కదా!"

"అయితే ఆ బురదబావి చూపించమంటావా? పరువు?"

"ఉన్న కడవలో సగం తెలియనివాడికి వంచే మనుషులున్నారు ఈ ఊళ్లో. అంతకంటే పరువైనది నా పట్టికలో ఇంకోటి లేదు."

ప్రతాపభూపతి సింహాసనం మీద వెనక్కి వాలాడు. ముందు ముక్కుతో ఒక చప్పుడు వచ్చింది. తరువాత భుజాలు కదిలాయి. "చిలకా! చేతిలో చిలక పెట్టాడా ఆ శిల్పి!" అంటూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అందరితో కలిసి నవ్వాక, "పట్టిక నువ్వే రాయి శాస్త్రీ. మేము వెనక నడుస్తాం" అన్నాడు.

నాగలాంబ వచ్చింది. ఊతకర్రతో, నూలుచీరతో, మెడలో ఒక్క పూసలదండతో. పేరిశాస్త్రి ఆమెకు మూడే చూపించాడు.

పొద్దున్నే కంచరివీధి. అక్కడ ఆనాడే పోతపోసి చల్లారిన పెద్ద గంట వేలాడుతోంది. కంచరులు సుత్తి ఆమె చేతికిచ్చి, మొదటి దెబ్బ కొట్టమన్నారు. ఆ నాదం వీధంతా పాకి ఆగేదాకా ఆమె కళ్లు మూసుకునే ఉంది. తరువాత సాలెవీధి. నూరు మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే ఒక మగ్గం దగ్గర కూర్చుని, నేసే అమ్మాయితో పోగులు, రంగులు అంటూ చాలాసేపు మాట్లాడింది. ఎవరూ తొందర పెట్టలేదు. అలిసినట్టు కనిపించగానే శాస్త్రి చల్లటి చావడిలో భోజనం పెట్టించి, కాసేపు కునుకు తీయనిచ్చాడు.

ఎండ తగ్గాక బావి దగ్గరికి తీసుకెళ్లాడు. ఏమీ చెప్పలేదు. ఆమె పల్లకీ దిగి, వరసంతా ఒక్కొక్క అడుగే వేస్తూ నడిచి, చేదతాడు పట్టుకుంది. బొక్కెన పైకి తీసి, లోపలి బురద చూసింది. వరస చివర నిలబడి ఉన్న ప్రతాపభూపతిని చూసింది.

"మీ రాయబారులు ముగ్గురూ మీ కోట ఎత్తు చెప్పారు. బావి లోతు ఎవరూ చెప్పలేదు" అంది నాగలాంబ.

"నాకే మొన్నటిదాకా తెలియదమ్మా" అన్నాడు రాజు. 'మాకు' అనకుండా 'నాకు' అనడం ఆయన జన్మలో అదే మొదలు.

"కాలువ తవ్వుకోండి. నా వైపు సగం మా వాళ్లే తవ్వుతారు" అంది ఆమె. ఆ సందులో ఆడవాళ్లు కుండలు దించి చేతులెత్తారు. శాస్త్రి ముఖం పక్కకు తిప్పుకుని ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆమెను పొలిమేర దాటించి వచ్చాక రాజు తన శాలువా తీసి శాస్త్రికి కప్పాడు. "ఏం కావాలో కోరుకో!"

"రెండు రోజులు సెలవు ప్రభూ. పాతికేళ్లుగా ఈ ఊరు లోకంలో అందరికీ చూపించాను. మా ఆవిడకు ఇంతవరకు ఒక్క వీధి చూపించలేదు."

రాజు పగలబడి నవ్వి, సెలవుతో పాటు తన సొంత పల్లకీ కూడా ఇచ్చాడు.

మర్నాడు శాస్త్రి ఆ పల్లకీ గుమ్మం ముందు ఆపించి, ఠీవిగా నిలబడి అడిగాడు: "రాజధానిలో ఏం చూడాలనుంది సుభద్రా?"

సుభద్ర పల్లకీనీ, ఆయననూ ఎగాదిగా చూసింది. "పాతికేళ్లుగా మీరు భోజనం వేళకు ఇంటికి రాకుండా ఆపిన వింతలన్నీ చూడాలండీ. ఎన్ని రోజులైనా సరే, ఒక్కటీ వదలకుండా" అంది.

రాజులకూ రాణులకూ జవాబు చెప్పిన పేరిశాస్త్రి ఆ పూట వంగి నమస్కరించాడట. రాణికి పట్టినట్టే పల్లకీ తెర ఎత్తి పట్టుకున్నాడు.