ఒక్క డబ్బా డీజిలు

చింతలకొండ అడవిలో జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు కలిసిమెలిసి బతికేవి. ఆ ఏడాది ఎండలు మండిపోయాయి. చెలమల్లో చుక్క నీరు లేదు. అప్పుడప్పుడే పుట్టిన జింకపిల్లలు దాహంతో సొమ్మసిల్లుతున్నాయి.

అడవిలో రెండు నీళ్ళ ట్యాంకర్లు ఉండేవి. ఒకటి నడిపేది భల్లమ్మ అనే ఎలుగుబంటి, రెండోది చిత్రాంగుడనే చిరుతపులి. హైవే మీద వెళ్ళి ఏటి రేవులో నీళ్ళు నింపుకు రావాలి. ఏనుగు తాత చెరో డబ్బా డీజిలు పోశాడు.

"ఉన్నది ఇంతే. పొద్దుగూకేలోగా నీళ్ళు రాకపోతే పిల్లలు దక్కవు" అన్నాడు తాత.

భల్లమ్మ ముందు టైర్లలో గాలి చూసుకుంది. తర్వాత, రోజూ ఏటికి ఎగిరే కాకిని దారి అడిగింది.

"వంతెనకు ముందే ఎడమవైపు సర్వీసు రోడ్డులోకి దిగు, భల్లమ్మక్కా! అది తప్పితే పది కిలోమీటర్ల దాకా యూటర్న్ లేదు" అంది కాకి.

చిత్రాంగుడు పకపకా నవ్వాడు. "దారి అడిగేవాళ్ళు కూడా డ్రైవర్లేనా!" అంటూ దుమ్ము రేపుకుంటూ పోయాడు.

హైవే ఎక్కాక వాడిదంతా దూకుడే. లారీ వెనక దాకా దూసుకుపోవడం, కీచుమని బ్రేకు వేయడం, మళ్ళీ దూకడం. భల్లమ్మ మాత్రం ముందు బండికి ఎడం ఉంచి, ఒకే వేగంతో సాగింది. రద్దీలో రెండు ట్యాంకర్లూ మళ్ళీ పక్కపక్కకు వచ్చాయి.

"అక్కా, నడుపుతున్నావా, కునుకు తీస్తున్నావా?" అని అరిచాడు చిత్రాంగుడు.

భల్లమ్మకు ఒళ్ళు మండింది. కుడికాలు యాక్సిలరేటరు తొక్కేయాలని ఉబలాటపడింది. 'నా రోషానికి డీజిలు కాలితే పిల్లల దాహం తీరుతుందా?' అనుకుని కాలు సడలించింది.

వంతెన ఇంకా దూరంగా ఉండగానే ఆమె ఎడమకు జరిగి, సర్వీసు రోడ్డులోకి దిగింది. చిత్రాంగుడు కుడివైపు నుంచి లారీని దాటే పనిలో ఉన్నాడు. చూసుకునేసరికి వంతెన మీద ఉన్నాడు. పది కిలోమీటర్లు ముందుకు, పది వెనక్కు!

ఎండ చల్లబడేలోగా భల్లమ్మ నీళ్ళతో అడవి చేరింది. జింకపిల్లలు కడుపారా తాగి లేచి గంతులేశాయి. భల్లమ్మ కళ్ళు చెమర్చాయి.

పొద్దుగూకుతుండగా చిత్రాంగుడు నడుచుకుంటూ వచ్చి, నీళ్ళ వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు.

"నా ట్యాంకరు నిండా నీళ్ళున్నాయక్కా. గుట్ట అవతల డీజిలు అయిపోయింది" అన్నాడు తలవంచుకుని.

భల్లమ్మ నవ్వలేదు. దొప్పలో నీళ్ళు పోసి ఇచ్చింది. "తాగు. నా బండిలో పావు డబ్బా మిగిలింది. పోయి నీ బండీ తెచ్చుకుందాం, ఎక్కు" అంది.

చిత్రాంగుడు ఆమె పక్క సీట్లో ఒదిగి కూర్చున్నాడు. బండి కదిలింది.

"అక్కా, తొందరేం లేదు. నిదానంగా పోనివ్వు" అన్నాడు.

నీతి: దారి తెలుసుకుని నిలకడగా నడిపేవారికి దూరమూ కలిసొస్తుంది, ఇంధనమూ మిగులుతుంది. దూకుడుకు పోయేవారికి రెండూ దండగే.